ఆకు తేకుండా వచ్చిన మనిషి

మా కొట్టుకి రైతు ఉత్త చేతులతో రాడు. చొక్కా జేబులో ఒక ఆకు ఉంటుంది, లేదంటే తువ్వాల్లో చుట్టిన కాయ ఉంటుంది. ముడుచుకుపోయిన మిరపాకు, మచ్చలు పడ్డ పత్తాకు, పుచ్చు పట్టిన కాయ, ఏదో ఒకటి. అది కౌంటరు మీద పెట్టి "చూడమ్మాయ్, దీనికేందో వచ్చింది" అంటాడు. నేను కళ్లద్దాలు సవరించుకుని, ఆకు తిరగేసి, వెనక ఏముందో చూసి, అప్పుడు మందు తీసిస్తాను. ఆకు చూపించకుండా మందు అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. "డాక్టరు దగ్గరికి పోయి ఒళ్లు చూపించకుండా మాత్ర అడుగుతావా?" అని కసురుతాను. నా నోరు మంచిది కాదని గురజాల బజారంతా ఒప్పుకుంటుంది. పురుగుమందు మాత్రం నా దగ్గరే కొంటుంది.

కొట్టు మా నాన్న వెంకటరామయ్య పెట్టింది. ఆయన ఉన్నప్పుడు నేను పక్కన కూర్చుని బిల్లులు రాసేదాన్ని. అంతకుముందు విజయవాడలో కాపురం చేశాను. అది కుదరలేదు, వచ్చేశాను. నాన్న పోయాక కొట్టు నాది, కొట్టు మీద ఉన్న రెండు గదులు నావి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉంటాను, అదంతా తెగుళ్ల గురించి, పురుగుల గురించి. షట్టరు దించాక నన్ను హిమబిందూ అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

ఆకులు తేవడంలో యల్లమంద బాబాయ్‌ని మించినవాడు లేడు. ఒకటి చాలు బాబాయ్ అంటే వినడు. గుప్పెడు తెచ్చి కౌంటరంతా పరిచేవాడు. "ఇది కాలవ పక్కది, ఇది డొంక పక్కది, ఇది నట్టనడిమిది" అని ఒక్కో ఆకునీ పేరు పెట్టి పరిచయం చేసేవాడు. బయట టీవీఎస్ బండి దగ్గర నిలబడ్డ వీరరాఘవమ్మ పిన్ని "ఇంక చాల్లే, ఆ పిల్లకి వేరే బేరాల్లేవా?" అని కేకేసేది. "నువ్వూరుకోయే, తెగులేందో తెలవొద్దా?" అని ఈయన ఎదురు కేకేసేవాడు. వాళ్లు వ్యవసాయం చేసుకునేవాళ్లు, మేం కోమట్లం. చుట్టరికం ఏమీ లేదు. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన బాబాయ్, ఆవిడ పిన్ని.

పోయిన కార్తీకంలో పిన్ని జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. నేను వాళ్ల ఊరు వెళ్లి పలకరించి వచ్చాను. ఆ తర్వాత బాబాయ్ కొట్టుకి రావడం తగ్గించాడు. వచ్చినా ఒక్క ఆకే తెచ్చేవాడు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. మిరప మీద నల్లి పురుగు పడిన కాలం, కొట్టు ముందు తిరనాళ్లలా జనం. మనిషి ముఖం చూసే తీరిక ఎవరికుంది?

ఉగాది వెళ్లిన వారంలో ఒక పొద్దున నేను షట్టరు ఎత్తి, వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి ఇటు తిరిగేసరికి యల్లమంద బాబాయ్ గుమ్మంలో ఉన్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. చలవ చొక్కా వేసుకున్నాడు. పిన్ని పోయాక ఆయన్ని అంత శుభ్రంగా చూడటం అదే మొదలు. ముఖంలో కూడా ఏదో నెమ్మది ఉంది. హమ్మయ్య, ఈయన తేరుకున్నాడనుకున్నాను.

"ఏం బాబాయ్, ఇంత పొద్దున్నే?"

"మందియ్యమ్మాయ్" అని ఒక పురుగుమందు పేరు చెప్పాడు.

"దేనికి?"

"ఉందిలే. ఇయ్యి."

జేబు చూశాను. ఆకు లేదు. చేతిలో తువ్వాలు కూడా లేదు. కసరడానికి నోరు తెరిచాను. అంతలో బోణీ గుర్తొచ్చింది.

నాన్న ఈ కొట్టుతో పాటు నాకు అప్పగించిపోయిన పట్టింపు అది. పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని కాదనకూడదు. లేదనకూడదు, అరువనకూడదు, గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయకూడదు. కాదంటే లక్ష్మి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుందట. నేను బీకాం చదివాను. ఇలాంటివి నమ్మనని పదిమందిలో గట్టిగా అంటాను. కానీ తొలి బేరం గుమ్మంలో నిలబడితే నా చెయ్యి దానంతటదే మందుల బీరువా వైపు పోతుంది. ఆ రోజు కూడా పోయింది. సీసా తీసి కౌంటరు మీద పెట్టాను. ఆయన డబ్బిచ్చాడు. కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేశాను.

ఆయన వెళ్లబోతూ ఆగాడు. "మీ నాయన చానా మంచోడమ్మాయ్. నువ్వు గూడా మంచిదానివే, నోరొకటే పెద్దది. జాగ్రత్తగా ఉండు" అన్నాడు.

నవ్వాను. బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక నాకు కుదురు లేకుండా పోయింది. మిరప కోతలైపోయాయి. కల్లాల్లో కాయ కూడా ఎత్తేశారు. చేలల్లో ఇప్పుడు ఉన్నది ఎండిపోయిన మిరపకట్టె. కాలవకి నీళ్లు ఆపేశారు. ఈ రోజుల్లో ఎవరు పిచికారీ చేస్తారు? పోనీలే, ఎవరిదో బోరు కింద కూరగాయలు ఉన్నాయేమో, వాళ్లు తెమ్మన్నారేమో అని సర్దిచెప్పుకున్నాను. తప్పు చేశానని లోపల తెలుస్తున్నప్పుడు మనిషికి ఎన్ని సమాధానాలు దొరుకుతాయో!

అట్టపెట్టెలు సర్దుతుండగా జయరాజు వచ్చాడు. బాబాయ్ పక్క చేను కౌలుకి చేసే మనిషి. మంచివాడే, కాకపోతే వాగుడుకాయ. వస్తూనే ఒక తైవాన్ పంపు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. వీపుకి తగిలించుకుని మందు కొట్టే పంపు.

"దీనికి వాషరు కావాలండీ. కొద్దిగా కారతంది."

ఆ పంపు నేనే అమ్మాను. పట్టీ మీద పిన్ని కుట్టిన నీలంగుడ్డ ఉంది.

"ఇది యల్లమంద బాబాయ్‌ది కదా?"

"ఆయనదే. నిన్న పిలిచి ఇచ్చాడు. ఊరికేనండీ! నాకింక పన్లేదురా, నువ్వు వాడుకో అన్నాడు. కోళ్లేమో ఎదురింటోళ్లకిచ్చాడు. చనిపోయినామె చీరలన్నీ కూతురికి పంపాడంట. ఊళ్లో అందరూ అదే మాట, పెద్దాయనకి ఈ మధ్య చానా పెద్దమనసొచ్చిందని."

తీసిన వాషరు అలాగే కౌంటరు మీద వదిలేశాను.

పంపు ఇచ్చేసిన మనిషికి మందెందుకు?

"జయరాజూ, పెద్దమనసు కాదయ్యా అది! మనిషి సెలవు తీసుకుంటున్నాడు!" అని అరిచాను. అతనికి వెంటనే అర్థం కాలేదు. నేను పొద్దున్నే అమ్మిన సీసా సంగతి చెప్పేసరికి ముఖం పాలిపోయింది. బాబాయ్‌కి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మళ్లీ ఎత్తలేదు.

"ఎక్కడుంటాడు?"

"ఇంటికి తాళమేసుందండీ, ఇందాక చూశా. చేలోకే పోయుంటాడు."

షట్టరు దించాను. తాళం వేశానో లేదో గుర్తు లేదు. జయరాజు బండి వెనక కూర్చున్నాను. అతను ఎలా నడిపాడో నాకు తెలియదు. దారిలో లారీలు, దుమ్ము, పిడుగురాళ్ల వైపు పోయే బస్సు హారను. ఒకటే అనుకుంటున్నాను. నేను ఇచ్చాను. నా చేత్తో తీసి ఇచ్చాను. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, అదీ లక్ష్మి కోసం అడగలేదు.

డొంకదారి చివర టీవీఎస్ బండి కనిపించింది. దానికి తగిలించిన సంచీలో సీసా ఉంది. పైకి తీసి చూశాను. మూత తీయలేదు. దాన్ని జయరాజు చేతిలో పెట్టి, "తీసుకుపో. ఆయన కంట పడకుండా దూరంగా పెట్టు. మళ్లీ రా, కానీ దగ్గరికి రావద్దు" అని చెప్పాను.

బాబాయ్ గట్టు మీద నిలువుగా పాతిన నాపరాయి పలక నీడన కూర్చుని ఉన్నాడు. చేనంతా ఎండు మిరపకట్టె, నెర్రెలు వేసిన నల్లనేల. అంత పెద్ద చేలో ఆయనొక్కడే ఉన్నాడు. నన్ను చూసి ఉలికిపడలేదు. అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఏందమ్మాయ్, కొట్టొదిలేసి వచ్చావ్?"

నాకు తెలిసిన పని తిట్టడం ఒకటే. "కొట్టు సంగతి నీకెందుకు? నీకు బుద్ధుందా అసలు? ఫోనెందుకెత్తవు?" అని మొదలుపెట్టాను. ఆయన తల దించుకున్నాడు. తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చున్న పిల్లవాడిలా ఉన్నాడు. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆపేశాను. పక్కన మట్టిలోనే కూలబడ్డాను.

ఏం అనాలో నాకు తోచలేదు. ధైర్యంగా ఉండు అనొచ్చు. కూతురు గుర్తు లేదా అనొచ్చు. నాన్న పోయినప్పుడు అవన్నీ నాతో చాలామంది అన్నారు. ఒక్కటి కూడా నాకు అంటలేదు. ఒక్కరు కూడా అడగని మాట మాత్రం ఒకటుంది. దాన్ని ఆయన్ని అడిగాను.

"బాబాయ్, చచ్చిపోదామనుకుంటున్నావా?"

అడిగాక నాలుక కరుచుకోలేదు. ఆ మాట అంటే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. ఉన్నదాన్ని కొత్తగా పుట్టించేదేముంది?

ఆయన చాలాసేపు మిరపకట్టె వైపే చూశాడు.

"అవునమ్మాయ్" అన్నాడు. "ఊళ్లో అంతమంది ఉన్నారు. బాగున్నావా అంటారు, అన్నం తిన్నావా అంటారు. ఈ మాట ఎవురూ అడగలా."

అప్పుడు ఏడ్చాడు. మగవాళ్లు నోరు మూసుకుని ఏడవడం చూశాను గానీ, ఆయన పెద్దగా, బావురుమని ఏడ్చాడు. నేను ఊరుకో అనలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దూరంగా జయరాజు తిరిగొచ్చి గట్టు చివర నిలబడ్డాడు. ఉండబట్టలేక "అందరికీ ఉండేయే పెద్దాయనా, మగాడివి, దిటవు చేసుకోవాల" అని అక్కడి నుంచే కేకేశాడు. "నువ్వు నోర్ముయ్యవయ్యా, పోయి మంచినీళ్లు పట్రా" అని నేను ఇక్కడి నుంచి కేకేశాను. బాబాయ్ ఏడుపులోనే నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

కాసేపటికి ఆయనే మాట్లాడాడు.

"నిద్ర పట్టదమ్మాయ్. తెల్లారుతుందంటే బయం. లేసి ఏం జెయ్యాల? అన్నం వండుకుంటా, తినబుద్ధి కాదు. మీ పిన్ని ఉన్నప్పుడు రోజూ పోట్లాటే. ఇప్పుడు పోట్లాడేదానికి గూడా మనిషి లేదు. గోడతో ఏం మాట్లాడతాం? పంట మీద గూడా మనసు పోలా. మొక్కకి తెగులొస్తే ఆకు దుంచుకొస్తాం. మనిషికొస్తే ఏం దుంచుకుని ఎవురికి చూపియ్యాల?"

"నాకు చూపించావుగా ఇప్పుడు" అన్నాను.

"పొద్దున చూపిద్దామనే వచ్చానేమో. నువ్వడుగుతావేమో అనుకున్నా. ఆకేదని తిడతావు గదా ఎప్పుడూ. తిట్టలా."

ఆ మాట నన్ను కోసేసింది. బోణీ సంగతి చెప్పాను. దాచలేదు. "బోణీ బేరమని నోరు మూసుకున్నాను బాబాయ్. నన్ను చెప్పు తీసుకుని కొట్టు" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "యాపారం నీది. నువ్వేం జేస్తావులే" అన్నాడు. అలా అనకుండా నిజంగానే కొట్టి ఉంటే బాగుండేది.

తర్వాత నా ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"ఆ మాట అంత సూటిగా ఎట్టా అడిగావమ్మాయ్? నువ్వు గూడా అనుకున్నావా ఎప్పుడైనా?"

అనుకున్నాను. నాన్న పోయిన ఏడాది, వానాకాలంలో, ఒక సాయంత్రం షట్టరు సగం దించి లోపల స్టూలు మీద కూర్చున్నాను. ఎదురుగా బీరువా ఉంది. ఏడుపు కూడా రాలేదు. ఒళ్లంతా బరువుగా, ఇక చాల్లే అన్నట్టుగా ఉంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరో రైతు షట్టరు మీద దబదబా బాదాడు, ఎండుతెగులుకి మందు కావాలని. లేచి ఇచ్చాను. అంతే. అది దాటింది. పూర్తిగా దాటిందని చెప్పలేను. ఆ తర్వాత కూడా వచ్చి పోతూ ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి? పొద్దున బాబాయ్ ముఖంలోని నెమ్మది చూసి నేను సంతోషపడ్డాను గానీ, అది నేను ఎరిగిన నెమ్మదే.

ఇదంతా ఆయనకి చెప్పలేదు. "నా సంగతి తర్వాత. ముందు నువ్వు లే, ఎండెక్కుతోంది" అన్నాను.

ఆయన నన్నలాగే చూస్తూ ఉండిపోయాడు. రెట్టించలేదు.

మా కొట్టు గోడకి ఒక పోస్టరు ఉంది. వ్యవసాయశాఖ వాళ్లు మీటింగులో ఇస్తే అంటించాను. మనసు బాగాలేనివాళ్లు 14416కి ఫోన్ చేయొచ్చని దాని మీద ఉంటుంది. రోజూ కళ్ల ముందు ఉండి ఆ నంబరు నోటికొచ్చేసింది. గట్టు మీద నుంచే చేశాను. ఒకావిడ తెలుగులో నిదానంగా మాట్లాడింది. ఆయన్ని ఒంటరిగా వదలొద్దంది. ఇంట్లో, చేలో మందులేమీ అందుబాటులో లేకుండా చూడమంది. రేపు కచ్చితంగా డాక్టరుకి చూపించమంది. ఇది మందులకీ మాటలకీ లొంగే జబ్బే అంది. ఫోన్ బాబాయ్‌కిచ్చాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని "ఊఁ... ఊఁ... అవునమ్మా" అంటూ చాలాసేపు విన్నాడు. ఆవిడ ఏమందో నాకు తెలియదు. ఫోన్ ఇచ్చేటప్పుడు "మర్యాదగా మాట్లాడిందమ్మాయ్" అన్నాడు.

కూతురు ఝాన్సీ ఎడ్లపాడు దగ్గర స్పిన్నింగు మిల్లులో పనిచేస్తుంది. ఆమెకి నేనే చెప్పాను. ఫోన్లో మెషీన్ల హోరు, ఆ హోరులో ఒక్కసారిగా "నాన్నా!" అన్న కేక. మధ్యాహ్నం దాటాక వచ్చింది, మిల్లు యూనిఫాం కోటు మీదే. జయరాజు అప్పటికే బాబాయ్ ఇల్లంతా వెతికి, పాత మందు డబ్బాలన్నీ తీసుకెళ్లిపోయాడు. ఝాన్సీ వాళ్ల నాన్న ముందు కూర్చుని, ఆయన మోకాళ్లు పట్టుకుని కుదిపింది.

"నాకు చెప్పొచ్చుగా నాన్నా! అమ్మ చీరలన్నీ పంపిస్తే ప్రేమ అనుకున్నా. మా ఆడబిడ్డకి గూడా చూపించా, మా నాన్న పంపాడని!"

"నీకేం జెప్పేదమ్మా. నీ షిఫ్టులు నీయి, నీ పిల్లలు నీకు."

"నా షిఫ్టు తగలబడ! నువ్వు లేకపోతే నేనెవురికోసం రావాల ఈ ఊరు?"

ఆమె రాత్రికి తోడుంటానంది. నన్ను వాకిట్లోకి తీసుకొచ్చి "అక్కా, ఊళ్లో పొక్కనీయొద్దు. పిచ్చి అంటారు" అంది గొంతు తగ్గించి.

"ఏమైనా అననీ. రేపు నరసరావుపేట ఆసుపత్రికి పోతున్నాం. ఎందుకని ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పు. అది అబద్ధం కాదుగా" అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

పొద్దు వాలేసరికి కొట్టుకి చేరాను. తాళం వేసే ఉంది. షట్టరు ఎత్తకుండా పక్క మెట్ల మీంచి పైకి వెళ్లాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, వండుకోబుద్ధి కాలేదు. బాబాయ్‌ని ఒంటరిగా వదలొద్దని ఫోన్లో ఆవిడ చెప్పిన మాట చెవిలో ఉంది. ఆయనకి కూతురుంది, పొద్దున్నే తలుపు తట్టే జయరాజున్నాడు. నేను కుర్చీలో కూర్చుని టీవీ పెట్టాను, తర్వాత కట్టేశాను. కింద బీరువాలో ఉన్నవన్నీ నాకు తెలుసు. గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నంతసేపు నాకు ఒంటరిగా అనిపించలేదు. ఒకరి చావు గురించి మాట్లాడుతూ నాకు తోడు దొరికిందంటే, అది ఎంత గతిలేని బతుకో నాకే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. తెల్లవారాలని ఎదురుచూశాను.

మర్నాడు ముగ్గురం బస్సెక్కి నరసరావుపేట వెళ్లాం. బాబాయ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి "చూపించుకుంటే తగ్గుద్దంటావా?" అన్నాడు. "తెలియదు బాబాయ్, అడుగుదాం" అన్నాను. అబద్ధం చెప్పి ఒప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయనకి ఆ జవాబే నచ్చినట్టుంది, తల ఊపాడు.

ఆసుపత్రిలో ఓపీ చీటీల కిటికీ ముందు పెద్ద వరస ఉంది. నడుం నొప్పులవాళ్లు, చంటిపిల్లల తల్లులు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లు. వాళ్లలో ఎవరికి ఏముందో చూస్తే తెలుస్తోంది. మా బాబాయ్ జబ్బు మాత్రం బయటికి కనపడదు. ఝాన్సీ వాళ్ల నాన్న భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. నేను ముందున్నాను.

"పేషెంటు పేరు?" కిటికీ లోపలి అమ్మాయి తలెత్తకుండా అడిగింది.

చెప్పాను. వయసు, ఊరు చెప్పాను. ఏ డాక్టరు అంది. మానసిక వైద్యుడు అన్నాను. గొంతు తగ్గించకుండానే అన్నాను. వెనక ఇద్దరు ముగ్గురు తొంగిచూశారు. ఝాన్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ మాత్రం కదలలేదు. చీటీ వచ్చింది. తీసుకుని పక్కకి జరగబోయాను.

బాబాయ్ జరగలేదు. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకోటి రాయమ్మా" అన్నాడు.

"ఇంకో పేషెంటా? పేరు?"

"హిమబిందు."

నేను ఆయన చెయ్యి లాగాను. "బాబాయ్! నీకేమన్నా... నడు, వెనక జనం ఉన్నారు."

"ఉండనీ" అన్నాడు. నిన్న పొద్దున మా గుమ్మంలో విన్న గొంతు కాదది, కౌంటరంతా ఆకులు పరిచినప్పటి గొంతు. "నిన్న నువ్వడిగావు. నేను చెప్పా. నేనడిగితే నువ్వు చెప్పలా. నేను మట్టుకు గుడ్డోణ్ణా?"

వెనక ఎవరో "కానీండమ్మా, ఎంతసేపు?" అని విసుక్కున్నారు. ఎవరైనా నన్నలా విసుక్కుంటే వెనక్కి తిరిగి నాలుగు దులిపేదాన్ని. ఆ రోజు తిరగలేదు. ఝాన్సీ నన్ను చూస్తోంది. బాబాయ్ నన్ను చూస్తున్నాడు. కిటికీ లోపలి అమ్మాయి మొదటిసారి తలెత్తి, ముగ్గురిలో ఎవరో తెలియక, ముగ్గుర్నీ చూసింది.

"హిమబిందు ఎవరండీ?"

"నేనే" అన్నాను.

"వయసు?"

"నలభై ఆరు."

ఆమె రాసుకుంది.